పులస పులుసుకేనా?

మాది కడియం. ఊరి పేరు చెప్పగానే ఎవరైనా పూలమొక్కల సంగతే అడుగుతారు. చేపల మీద ఎమ్మెస్సీ చదువుతున్నానంటే మాత్రం, "అయితే పులస ఎప్పుడు తెస్తావోయ్?" అంటారు. నా చదువు గురించి ఇంతకంటే లోతైన ప్రశ్న వేసినవారు ఇంతవరకూ తగల్లేదు. అందుకే ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నాను.

పుస్తెలు అమ్మైనా పులస తినాలన్నారు మనవాళ్లు. ఏ మాటకామాటే చెప్పుకోవాలి, నేనూ తిన్నాను. మా అమ్మ బెండకాయలు వేసి, సన్నసెగ మీద పులుసు కాచి, మర్నాటిదాకా ముట్టుకోనిచ్చేది కాదు. కాని ఆ చేప పడే పాట్లు తెలిశాక ముద్ద అంత తేలిగ్గా దిగడం లేదు.

సముద్రంలో ఉన్నన్నాళ్లూ అది విలస. గోదావరికి ఎర్రనీరు తగలగానే గుడ్లు పెట్టడానికి ఏటికి ఎదురీదుతుంది, అప్పుడు పులస. పేరు మారినంత సులువుగా ఒళ్లు మారదు. సముద్రపు నీరు చేప రక్తంకంటే ఉప్పన కనుక ఒంట్లోని నీరు బయటికి పోతూ ఉంటుంది. ఆ లోటు తీర్చడానికి చేప ఉప్పునీరే తాగి, ఎక్కువైన ఉప్పును మొప్పల ద్వారా నెట్టేస్తుంది. మంచినీటిలోకి వచ్చేసరికి అంతా తలకిందులు. నీరు ఒంట్లోకి చొరబడుతుంది, లవణాలు జారిపోతాయి. మూత్రపిండాలు పలచని మూత్రాన్ని విస్తారంగా వదలాలి. నిన్నటిదాకా ఉప్పును బయటికి తోసిన మొప్పలే ఇప్పుడు లోపలికి లాక్కోవాలి. ఇదంతా వరదకు ఎదురీదుతూ, కడుపులో లక్షల గుడ్లు మోస్తూ, మేత బాగా తగ్గించి, దాచుకున్న కొవ్వు కరిగించుకుంటూ! పరీక్ష హాలు మారిస్తేనే మనకు చెమటలు పడతాయి కదా.

ఇంత కష్టపడి వచ్చినదానికి ధవళేశ్వరం దగ్గర గోడ ఎదురవుతుంది. 1852లో కాటన్ దొర ఆనకట్ట పూర్తయింది. దాని స్థానంలో తర్వాత బ్యారేజీ వచ్చింది. ఆ నీళ్లు లేకపోతే మా ఊళ్లో నర్సరీలూ లేవు, వరీ లేదు. ఆయన్ని తప్పుపట్టే నోరు నాకు లేదు. కాని చేపకు దారి మాటేమిటి? 1975లో ఫరక్కా బ్యారేజీ వచ్చాక, ఒకప్పుడు గంగలో అలహాబాదు దాటి పోయిన ఇదే చేప ఆ ఎగువన అరుదైపోయింది.

తూర్పుతీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు సముద్రంలో మరపడవల వేట ఆపుతారు. మంచిదే. అయితే పులస గుడ్లతో ఏరెక్కేది ఆ గడువు తీరాక. సరిగ్గా అప్పుడే మనం సంచి పట్టుకుని, గుడ్లున్నదే కావాలని బేరానికి దిగుతాం. బంగ్లాదేశ్‌లో ఏటా అక్టోబరు ప్రాంతంలో, అది గుడ్లు పెట్టే అదనులో, 22 రోజులు వేట ఆపించి మత్స్యకార కుటుంబాలకు బియ్యం ఇస్తున్నారు. మనకూ అటువంటి విరామం కావాలని నా వాదన.

ఈ మాటే ధవళేశ్వరం రేవులో ఒక పెద్దాయనతో అన్నాను. వల బాగుచేసుకుంటూ తలెత్తకుండా, "మీరు కొనడం మానెయ్యండి బాబూ, మేం వలెందుకేత్తాం?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. ఏడాదంతా నిరాశపెట్టే ఏరు ఆయనకు నాలుగు డబ్బులు చూపించేది ఆ కొద్దివారాలే. బియ్యం మాట ఎత్తకుండా నిషేధం మాట ఎత్తడం మనవంటి చదువుకున్నవాళ్లకే చెల్లుతుంది.

సరే, ఎన్ని రోజులు ఆపాలి? ఎప్పుడు? ఇది ఊహమీద తేల్చే సంగతి కాదు. గోదావరి పులస మీద 1949లో చాకో, గణపతి, 1963లో పిళ్లై, వీరభద్రరావు పత్రాలు ప్రచురించారు. మరి మనమో? రికార్డు పుస్తకంలో సొరచేప బొమ్మకు రంగులు దిద్ది మార్కులు తెచ్చుకుంటున్నాం. గోదావరేమో సైకిలు తొక్కితే అందేంత దూరంలో ఉంది!

గురువర్యులకు నా విన్నపం ఒక్కటే. జూలై నుంచి అక్టోబరు దాకా వారానికి ఒకరోజు మా తరగతిని రేవుకు పంపండి. నీటి వేడి, ఉప్పు, కరిగిన ఆక్సిజన్ కొలుస్తాం. అమ్మకానికి వచ్చిన ప్రతి పులస పొడవు, బరువు రాస్తాం. కోసేటప్పుడు గుడ్లు ఏ దశలో ఉన్నాయో చూస్తాం. మా తర్వాత వచ్చేవాళ్లు అదే పుస్తకంలో రాసుకుపోతారు. దీనికి కావలసింది ఒక థర్మామీటరు, త్రాసు, కొలబద్ద, నాలుగు సీసాల రసాయనాలు. పుస్తకం నేను కొనేశాను. మొదటి పేజీలో తేదీ వెయ్యడమే తరువాయి.