కోడ్ పక్కనే నోట్సూ చూపండి

కేంద్ర పరోక్ష పన్నులు, కస్టమ్స్ బోర్డు ఛైర్మన్ గారికి,

వరంగల్ దగ్గర గీసుకొండ వైపు కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కు వచ్చింది. ఆ ప్రాంతంలో మగ్గాలకు విడిభాగాలు విదేశాల నుంచి తెప్పించుకునే చిన్న యూనిట్ల కోసం ఈ లేఖ.

దిగుమతి సరుకుకు కస్టమ్స్ టారిఫ్ కోడ్ వెతికే టూల్‌లో మగ్గం విడిభాగం అని కొడితే 8448 కనబడుతుంది. రీడ్లు అనే మగ్గం భాగాలకు అది సరైనదే. అదే మగ్గానికి మోటారు విడిగా తెప్పిస్తే 8501 కిందికి పోతుంది. మామూలు ఇనుప బోల్టులైతే 7318. ఈ తేడా చెప్పేది టారిఫ్‌లో 16వ సెక్షన్ నోట్స్. పదాన్ని పదంతో పోల్చే టూల్ వాటి జోలికే పోదు. అసలు చిక్కంతా ఇక్కడే ఉంది.

దిగుమతిదారుడే సుంకం లెక్కగట్టుకునే స్వీయ మదింపు 2011 నుంచి అమల్లో ఉంది. కోడ్ తప్పయి సుంకం తగ్గితే ఆ తేడా, దానిమీద వడ్డీ దిగుమతిదారుడి నెత్తినే పడతాయి. చిన్న యూనిట్ ఆ దెబ్బకు తట్టుకోలేదు.

అందుకే అడుగుతున్నాం. ప్రతి ఫలితం పక్కనే దానికి వర్తించే సెక్షన్, చాప్టర్ నోట్స్ తప్పకుండా చూపించండి. అవి తెలుగులోనూ ఉండాలి. అదే రకం సరుకుపై ఇచ్చిన ముందస్తు రూలింగులను అక్కడే జతచేయండి. సరుకు ఓడ ఎక్కకముందే మావాళ్లు సరిచూసుకుంటారు.

ఇట్లు,
వరంగల్ నుంచి ఒక పౌరుడు