బిల్లు ఒకరిది... వైఫై అందరిదీ!

కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీలో బ్యాచిలర్లుండే ఏ ఫ్లాటు తలుపు తట్టినా లెక్కలు మాత్రం పక్కాగా ఉంటాయి. అద్దె ఎంత, మెయింటెనెన్సు ఎంత, వంటమనిషికి ఎంత, పాతిక కిలోల బియ్యం బస్తా ఎవరు తెచ్చారు, గ్యాసు బండ వంతు ఎవరిది... నెలాఖరుకి అన్నీ పైసలతో సహా తేలాల్సిందే. పాల ప్యాకెట్టు దగ్గర కూడా పేచీలొస్తాయి. ఒక్క వైఫై దగ్గర మాత్రం అందరిదీ ధర్మసత్రం మనసే! "మామా, పాస్‌వర్డ్ ఏంట్రా?" అని కొత్తగా దిగినవాడు పెట్టె కింద పెట్టకముందే అడుగుతాడు. ఫ్రిజ్ మీద అంటించిన కాగితం చూపిస్తారు. అంతే.

అలాంటి ఫ్లాటొకటి ఊహించుకుందాం. అందులో నలుగురు కుర్రాళ్లు. నెట్ కనెక్షన్ మాత్రం మొదట్లో ఇల్లు తీసుకున్న ఇంకో కుర్రాడి పేరు మీద ఉంది. ఉద్యోగం మారి అతను బెంగళూరు వెళ్లిపోయి రెండేళ్లయింది. కంపెనీ దగ్గర ఉన్న ఆధార్ అతనిదే, అందులో ఉన్న చిరునామా తెనాలిలోని అతని సొంతింటిదే. నెలనెలా డబ్బు మిగతావాళ్లు కడుతున్నారు కదా అని ఎవరూ పేరు మార్పించలేదు. మరి ఆ పాస్‌వర్డ్ ఎందరికి తెలుసు? ఉంటున్న నలుగురికీ తెలుసు. ఇన్నాళ్లలో ఖాళీ చేసి వెళ్లిన ఐదుగురికీ తెలుసు. ఇంటర్వ్యూకని వచ్చి వారం రోజులు హాల్లో పడుకున్న ఊరి స్నేహితుడికి తెలుసు. వాచ్‌మన్ కొడుక్కి తెలుసు. "బాబూ, మా నెట్ పోయింది, సీరియల్ మధ్యలో ఆగిపోయింది" అంటూ ఓ సాయంత్రం వచ్చిన పక్క ఫ్లాటు ఆంటీకి కూడా తెలుసు.

వీళ్లలో ఎవరో ఒకరు ఎవరినో బెదిరిస్తూ ఒక మెయిల్ పంపారనుకోండి. లేదా ఓ అమ్మాయి ఫొటోతో దొంగ ఖాతా తెరిచారనుకోండి. పోలీసుల నోటీసు ఎక్కడికి వెళుతుంది? తెనాలికి! వరండాలో కూర్చుని పేపరు చదువుకుంటున్న ఆ తండ్రి చేతికి. "మీ అబ్బాయి పేరు మీదున్న కనెక్షన్ నుంచి..." అని మొదలయ్యే ఆ కాగితం చదివాక ఆ ఇంట్లో ఆ పూట పొయ్యి వెలుగుతుందా?

ఇలా ఎందుకు జరుగుతుందంటే... ఇంట్లో పది ఫోన్లున్నా, నాలుగు ల్యాప్‌టాప్‌లున్నా బయటి ప్రపంచానికి సాధారణంగా కనిపించేది ఆ కనెక్షన్‌కున్న ఒక్క ఐపీ అడ్రసే. ఉమ్మడి కుటుంబానికి ఒకటే డోర్ నంబరున్నట్టు! లోపల ఉత్తరం రాసింది ఎవరో బయటివాళ్లకు తెలియదు. పోలీసులు ఆ నంబరు పట్టుకుని ఇంటర్నెట్ కంపెనీని అడుగుతారు. కంపెనీ తన దగ్గరున్న పేరూ చిరునామా ఇస్తుంది. ఆ పేరున్నంత మాత్రాన నేరం చేసినట్టు కాదు. కానీ విచారణ మొదలయ్యేది అక్కడే.

కాస్త వెనక్కి వెళితే ఇందుకు పెద్ద ఉదాహరణే ఉంది. 2008 జులై 26న అహ్మదాబాద్‌లో వరస పేలుళ్లు జరిగాయి. అవి మొదలవడానికి కొద్ది నిమిషాల ముందు మీడియా సంస్థలకు ఒక మెయిల్ వచ్చింది. అది ఎక్కడి నుంచి వచ్చిందని ఆరా తీస్తే నవీ ముంబయిలో అద్దెకుంటున్న ఓ అమెరికన్ ఇల్లు తేలింది. కంప్యూటర్లు పట్టుకెళ్లారు, ప్రశ్నలు వేశారు. చివరికి తేలిందేమిటంటే, ఆయన వైఫైకి తాళం లేదు. ఎవరో దాన్ని వాడుకుని మెయిల్ పంపారు. వైఫైని భద్రంగా వాడేలా చూడాలంటూ 2009లో టెలికం శాఖ ఇంటర్నెట్ కంపెనీలకు ఆదేశాలిచ్చింది కూడా. ఆ అమెరికన్ ఇంటికి తాళమే లేదు. కూకట్‌పల్లి ఫ్లాటుకు తాళముంది, తాళంచెవులే డజను మంది దగ్గరున్నాయి. పెద్ద తేడా ఏముంది?

ఒకప్పుడు అమీర్‌పేట నెట్ సెంటర్లో గంటసేపు కూర్చోవాలంటే రిజిస్టర్లో పేరు రాయాల్సి వచ్చేది. 2011లో వచ్చిన సైబర్ కేఫ్ నిబంధనలైతే గుర్తింపు కార్డు చూడాలనీ, ఆ వివరాలు ఏడాదిపాటు దాచాలనీ చెప్పాయి. అప్పుడు విసుక్కున్నవాళ్లే ఇప్పుడు సొంత పేరు మీదున్న కనెక్షన్‌ని ఏ రిజిస్టరూ లేకుండా ఊరందరికీ పంచిపెడుతున్నారు!

పిల్లలు విదేశాల్లో చదువుకుంటున్న ఇళ్లలో ఈ సంగతి ఇంకాస్త జాగ్రత్తగా చదవాలి. జర్మనీకి వెళ్లిన మనవాళ్లు చాలామంది ఇద్దరు ముగ్గురు కలిసి ఇల్లు తీసుకుంటారు. వాళ్లలో ఒకరు సరదాగా టోరెంట్‌లో ఓ సినిమా దింపుకొంటారు. టోరెంట్‌తో చిక్కేమిటంటే, దింపుకుంటూనే ఆ సినిమాను ఇతరులకు పంచుతుంది కూడా. ముఖ్యంగా చిక్కు తెచ్చేది ఆ పంచడమే. కొన్నాళ్లకు వందల యూరోలు కట్టమంటూ లాయరు దగ్గర్నుంచి ఉత్తరం వస్తుంది. ఎవరికి? కనెక్షన్ ఎవరి పేరు మీదుంటే వాళ్లకి! వైఫైకి సరైన పాస్‌వర్డ్ పెట్టకుండా వదిలేస్తే ఇతరులు చేసిన పనికి కనెక్షన్ ఉన్నవారికీ బాధ్యత ఉంటుందని ఆ దేశ అత్యున్నత సివిల్ కోర్టు 2010 మేలో చెప్పింది. కలిసి ఉంటున్న పెద్దవాళ్లనూ, ఇంటికొచ్చిన అతిథులనూ ముందే హెచ్చరించలేదన్న కారణంతో మాత్రం కనెక్షన్‌దారుని బాధ్యుణ్ని చేయలేమని 2016లో అదే కోర్టు ఊరటనిచ్చింది. ఊరట సరే, ఆ ఉత్తరానికి జవాబు రాసుకోవాల్సింది మాత్రం ఆ పిల్లవాడేగా!

ఇక రెండో వైపు చూద్దాం. మాదాపూర్‌లోనో, ఎస్సార్ నగర్‌లోనో లేడీస్ హాస్టల్లో ఉండే అమ్మాయికి వైఫై ఓనరుదే. పేరు ఇబ్బంది లేదు. అయితే ఆమెకు వేరే సందేహం. "నేను చూసేవన్నీ ఓనర్ అంకుల్‌కి తెలుస్తాయా?"

అన్నీ తెలియవు. కొన్ని తెలుస్తాయి. పాతకాలపు వెబ్‌సైట్లు పోస్టుకార్డులాంటివి. దారిలో ఎవరైనా చదవొచ్చు. ఇప్పుడు చాలా సైట్లు హెచ్‌టీటీపీఎస్ పద్ధతిలో నడుస్తున్నాయి. అవి ఇన్‌లాండ్ లెటర్ లాంటివి. పైన చిరునామా కనిపిస్తుంది, లోపల రాసింది కనిపించదు. అంటే ఆమె పెళ్లి సంబంధాల సైటుకు వెళ్లిందనో, ఉద్యోగాల సైటు చూసిందనో, ఫలానా ఆసుపత్రి పేజీ తెరిచిందనో రూటర్ చేతిలో ఉన్నవాళ్లు పట్టుదలగా చూస్తే తెలుసుకోగలరు. అక్కడ ఎవరికి ఏం రాసింది, ఏ పాస్‌వర్డ్ కొట్టింది అన్నవి తెలియవు. వాట్సాప్‌లో రాసే మాటలూ అంతే. కొన్ని రూటర్లకైతే ఫోన్లోనే యాప్ ఉంటుంది. ఎవరి ఫోను ఎప్పుడు కనెక్ట్ అయింది, ఎప్పుడు తెగింది అన్నీ అందులో కనిపిస్తాయి. ఫోనుకు సొంత పేరే పెట్టుకునే అలవాటున్నవాళ్లు రాత్రి ఎన్నింటి దాకా మెలకువగా ఉన్నారో కూడా ఊహించొచ్చు!

ఇన్‌కాగ్నిటో పెట్టుకుంటే ఎవరికీ తెలియదనే నమ్మకం ఒకటుంది. అది సొంత ఫోన్లో జాడ మిగలకుండా చూస్తుంది, అంతే. రూటర్‌కి దాంతో పనిలేదు. ఉచిత వీపీఎన్‌లు మరో మాయ. ఓనరు చూడకుండా దాచిన సంగతిని ముక్కూమొహం తెలియని కంపెనీ చేతిలో పెట్టినట్టవుతుంది. బ్యాంకు పనో, ఆసుపత్రి రిపోర్టో ఉన్నప్పుడు వైఫై ఆపేసి సొంత సిమ్ డేటా మీద చేసుకోవడం వీటన్నిటికన్నా సులువు. ఖర్చు కూడా పెద్దగా ఉండదు. "ఈ సర్టిఫికెట్ ఫోన్లో వేసుకుంటేనే వైఫై వస్తుంది" అని ఏ హాస్టల్లోనైనా అంటే మాత్రం ఆ వైఫైకి ఒక నమస్కారం పెట్టేయాలి. అది వేసుకుంటే ఇన్‌లాండ్ లెటర్ విప్పి చదివి మళ్లీ అతికించే వీలు వాళ్లకిచ్చినట్టే.

నిజానికి కలిసి ఉండే ఇళ్లలో గుట్టు బయటపడేది ఇంత సాంకేతికంగా కాదు. హాల్లో టీవీలో ఎవరో తన జీమెయిల్ పెట్టి యూట్యూబ్ చూస్తారు. మర్నాటి నుంచి అతను వెతికినవన్నీ ఇంటిల్లిపాదికీ సిఫార్సులుగా వచ్చేస్తాయి. గ్రూప్స్ హాల్ టికెట్ ప్రింటు కోసం రూమ్మేట్ ల్యాప్‌టాప్‌లోనో, వీధి చివర జిరాక్స్ సెంటర్లోనో వాట్సాప్ తెరుస్తారు. ప్రింటు చేతికొస్తుంది, వాట్సాప్ అక్కడే ఉండిపోతుంది. ఫోన్లో 'లింక్డ్ డివైసెస్' అన్నచోట చూస్తే అలా మరిచిపోయినవన్నీ కనిపిస్తాయి. అక్కడి నుంచే లాగౌట్ చేయొచ్చు. ఛార్జింగ్ పెట్టి స్నానానికి వెళితే తాళం వేసిన తెర మీదే ఓటీపీ మెరుస్తుంది. మెసేజ్ లోపలి మాటలు తెర మీద కనిపించకుండా సెట్టింగ్స్‌లో ఆపుకోవచ్చు. స్నేహితుడి పాస్‌వర్డ్‌నో, ఓటీపీనో మోసబుద్ధితో వాడుకోవడం ఐటీ చట్టంలోని 66సీ సెక్షన్ కింద నేరం. మూడేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా. డబ్బు పోయిందని తెలిసిన వెంటనే 1930కి ఫోన్ చేయాలి. ఎంత తొందరగా చేస్తే ఆ డబ్బు చేతులు మారకుండా ఆపే అవకాశం అంత ఎక్కువ. రూమ్మేట్ కదా అని మొహమాటపడితే ఆ అవకాశమే పోతుంది.

మళ్లీ కూకట్‌పల్లికి వద్దాం. తెనాలికి అలాంటి నోటీసు రాకముందే, ఓ ఆదివారం ఆ నలుగురూ కూర్చుని ఈ పని చేశారనుకుందాం. ముందు బెంగళూరు కుర్రాడికి ఫోన్ చేసి, కనెక్షన్ అతని పేరు మీద రద్దు చేయించి ఇప్పుడుంటున్నవాళ్లలో ఒకరి పేరు మీద తీసుకున్నారు. ఎవరి పేరు మీద అన్న దగ్గర ఓ అరగంట వాదన జరిగింది. జరగాలి కూడా! బాధ్యతేమిటో అప్పుడే అందరికీ అర్థమవుతుంది. రూటర్ కొత్తది వేయలేదు, పాతదే. బ్రౌజర్లో 192.168.1.1 అని కొట్టి లోపలికి వెళ్లారు. కొన్ని రూటర్లకు ఈ అంకె వేరేగా ఉంటుంది, అడుగున స్టిక్కర్ మీద చూసుకోవచ్చు. లోపలికి వెళ్లే యూజర్ నేమూ పాస్‌వర్డూ కంపెనీ ఇచ్చిన 'అడ్మిన్', 'అడ్మిన్' అలాగే ఉన్నాయి. చాలా ఇళ్లలో వైఫై పాస్‌వర్డ్ మారుస్తారుగానీ ఇది మార్చరు. ఇది తెలిసినవాళ్లు లోపలికి వచ్చి ఎన్నిసార్లు కావాలంటే అన్నిసార్లు వైఫై పాస్‌వర్డ్ చదువుకోవచ్చు. ముందు దాన్ని మార్చారు. తర్వాత కనెక్టయిన ఫోన్ల జాబితా తెరిచారు. నలుగురి ఫోన్లు, మూడు ల్యాప్‌టాప్‌లు, టీవీ కలిపితే ఎనిమిది ఉండాలి. పదమూడు కనిపించాయి.

వైఫై పాస్‌వర్డ్ కూడా మార్చేశారు. సెక్యూరిటీ దగ్గర డబ్ల్యూపీఏ3 ఉందేమో చూశారు. పాత రూటర్ కాబట్టి డబ్ల్యూపీఏ2తో సరిపెట్టుకున్నారు. వచ్చేపోయేవాళ్ల కోసం 'గెస్ట్ నెట్‌వర్క్' అని వేరేగా ఒకటి తెరిచి దానికి ఇంకో పాస్‌వర్డ్ పెట్టారు. ఎవరు ఖాళీ చేసినా, తాళంచెవి తిరిగిచ్చిన రోజే అసలు పాస్‌వర్డ్ కూడా మార్చాలని గ్రూపులో రాసుకున్నారు. ఫ్రిజ్ మీది కాగితం చింపేశారు.

పది నిమిషాలు కాలేదు, కాలింగ్ బెల్ మోగింది. తలుపు తీస్తే పక్క ఫ్లాటు ఆంటీ, చేతిలో గోంగూర పచ్చడి గిన్నెతో.

"బాబూ, మీ నెట్ కూడా పోయిందా?"