నిపుణుని సాక్ష్యము

వానను నమ్మి సేద్యము చేయు మన సీమలో అప్పులేని కాపు అరుదు. విత్తనములకనియో, బోరునకనియో, బిడ్డ పెండ్లికనియో నోటు వ్రాసి, దానిపై సంతకమో వేలిముద్రయో వేసి రూకలు తెచ్చుకొనుట తరతరముల వాడుక. అట్టి నోటు కొన్నాళ్లకు నందికొట్కూరు కోర్టునకు వచ్చును. ఈ ముద్ర నాది కాదని ప్రతివాది యనును. నీదేయని వాది యనును. న్యాయాధికారి యా కాగితమును నిపుణుని కడకు పంపును. అచ్చటినుండి రెండు మూడు పుటల నివేదిక వచ్చును. ఒక కుటుంబమునకు గల నాలుగెకరముల నేల నిలుచుటయు పోవుటయు నా పుటలపై నాధారపడును. కాని వానిని వ్రాసినవారెవరు, ఏమి చూచి వ్రాసిరి, నమ్ముటకు హేతువేమి యని యడుగువారు మిక్కిలి తక్కువ. ఈ సంగతినే నేడు మా చదువరుల ముందు పెట్టదలచితిమి.

సాక్షి తాను కన్నది, విన్నది చెప్పవలెను గాని తనకు తోచినది చెప్పరాదు. ఇది సాక్ష్యశాస్త్రమున మొదటి పాఠము. 1872 నాటి సాక్ష్యచట్టమును కూర్చిన స్టీఫెను దొర 45వ సెక్షనులో దీనికొక మినహాయింపు నిచ్చెను. పరదేశపు చట్టము, శాస్త్రము, కళ, చేవ్రాతల పోలిక, వీనియందు ప్రత్యేక నైపుణ్యము గలవారి యభిప్రాయమును కోర్టు వినవచ్చును. 1899లో వేలిముద్రలనుగూడ చేర్చిరి. 2024 జూలై 1వ తేదీనుండి అమలునకు వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమము తన 39వ సెక్షనులో 'మరి యే యితర రంగమైనను' అను భావమును చేర్చి వాకిలిని మరికొంత వెడల్పు చేసినది. నిపుణునికి పట్టా యుండితీరవలెనని పాత చట్టమునను లేదు, క్రొత్త చట్టమునను లేదు. 1894లో ఇంగ్లండున సిల్వర్‌లాకు కేసులో, వృత్తిచే న్యాయవాదియై అభిరుచిచే చేవ్రాతలను పరిశీలించిన యొకని సాక్ష్యమును కోర్టు అంగీకరించెను. ఇది మంచిదే. చేతిపని తెలిసినవాడు కాగితము లేనంతమాత్రమున అజ్ఞాని కాడు. అయితే బిరుదు చాలదన్న న్యాయము బిరుదున్నవానికిని వర్తింపవలదా?

అమెరికాలో 1993 నాటి డాబర్టు తీర్పు తరువాత ఫెడరలు కోర్టులలో న్యాయమూర్తి ద్వారపాలకుడైనాడు. నిపుణుడు చెప్పు పద్ధతిని పరీక్షించి చూచిరా, తోటి శాస్త్రజ్ఞులు పరిశీలించిరా, అందు తప్పు వచ్చుట కెంత యవకాశము కలదు అని ముందుగనే విచారించి, పిమ్మటగాని యా మాటను జ్యూరీ చెవిని పడనీయడు. మనకు జ్యూరీ లేదు. ద్వారమువద్ద నిట్టి పరీక్షయు లేదు. లోనికి రానిచ్చి పిమ్మట తూచుట మన పద్ధతి. నిజముగ తూచినయెడల మాకు ఫిర్యాదు లేదు.

తూచుటయన నెట్టిదో మన ప్రాంతపు కేసే యొకటి చెప్పును. మద్యనిషేధచట్టము 1937లో మద్రాసు రాజధానియందు పుట్టి, మొదట సేలములోను, 1938లో చిత్తూరు, కడప జిల్లాలలోను అమలునకు వచ్చిన సంగతి పెద్దలకు తెలియును. రాష్ట్రము వేరైన పిదపగూడ ఆంధ్రప్రాంతమున నా చట్టము నిలిచియుండెను. దానిక్రింద పెట్టిన యొక సారాయి కేసు 1967లో సుప్రీము కోర్టువరకు పోయెను. పట్టుబడిన ద్రవము సారాయియే యనుటకు సర్కారు చూపిన యాధారము నిషేధశాఖ యుద్యోగుల ముక్కు! వారు వాసన చూచి సారాయి యనిరి. ఆ యుద్యోగుల యనుభవమును మేము వెక్కిరించుట లేదు. పదేండ్లు సారాయి కుండలను పగులగొట్టినవానికి వాసన తెలియకపోదు. అయినను, కేవలము వాసనపై నొక మనుష్యుని శిక్షింపజాలమనియు, శాస్త్రీయముగ పరీక్షించి చెప్పగలవాని సాక్ష్యము కావలెననియు కోర్టు నిర్ణయించినది. సర్కారు ఓడినది, పట్టుబడినవారు నిరుపేదలు కావచ్చును, గెలిచినారు.

ముక్కునకు వర్తించిన న్యాయము చదువునకును వర్తించును. 1999లో హిమాచల ప్రదేశమునుండి వచ్చిన కేసులో, ఆపిలు తోటల దిగుబడిని అంచనా కట్టి చెప్పిన ఉద్యానశాఖ యుద్యోగి మాటను సుప్రీము కోర్టు త్రోసిపుచ్చెను. నీ నిర్ణయమునకు వచ్చిన మార్గమును, ఆధారమును కోర్టు ముందు పెట్టుము. మేము దానిని పరిశీలించి మా నిర్ణయము మేము చేసికొందుమని యా తీర్పు సారాంశము. నిపుణుడు న్యాయమూర్తికి కన్నులద్దము వంటివాడు. చూడవలసినది న్యాయమూర్తియే.

చేవ్రాతల విషయమున 1980లో మురారిలాలు కేసులో తీర్పు వ్రాసినవారు మన రాయలసీమ బిడ్డ, అనంతపురము జిల్లావారైన జస్టిసు ఓ. చిన్నపరెడ్డిగారు. చేవ్రాత నిపుణుని మాటను, ఇతర సాక్ష్యము తోడు లేనిదే నమ్మరాదను వాడుక యొకటి అంతకుముందు బలపడియుండెను. అట్టి కఠిననియమము చట్టమున లేదని వారనిరి. నిపుణుడు నేరములో పాలుపంచుకొనిన సాక్షి కాడు, అతనిని పుట్టుకతో శంకింపనక్కరలేదు. మరి జాగ్రత్త యేల? మనుష్యుని నిర్ణయము పొరపడునది గనుక. శాస్త్రము పండినకొలది పొరపాటు తగ్గును. వేలిముద్రల శాస్త్రము పండినంతగ చేవ్రాతల శాస్త్రము పండలేదు. కావున కారణములను పరీక్షింపవలెను, తక్కిన సాక్ష్యముతో సరిచూడవలెను. ఇంత నిదానమైన మాట మరియొకటి మేము చదువలేదు.

వేలిముద్రల శాస్త్రమన్నచో నొక్కమాట చెప్పకుండ నుండలేము. ప్రపంచమున మొదటి వేలిముద్రల కార్యాలయము 1897లో కలకత్తాలో వెలసెను. ముద్రలను వర్గములుగ విభజించు గణితమునందు ఆరితేరినవారు అజీజుల్ హక్, హేమచంద్ర బోసు అను నిరువురు భారతీయులు. ఆ పద్ధతికి పేరు మాత్రము హెన్రీ దొరది! ఆ యేడే జల్పాయిగురిలో నొక తేయాకుతోట మేనేజరు హత్యకు గురికాగా, పంచాంగముపై నంటిన నెత్తుటి వేలిముద్ర దొంగను పట్టి యిచ్చెను. అయినను కోర్టు ఆ ముద్రను చూచి అతనిని దొంగతనమునకే శిక్షించి, హత్యానేరమున సందేహలాభ మిచ్చెను. చేయి అక్కడ పడినదని ముద్ర చెప్పును; చేయి యేమి చేసినదో చెప్పదు.

మన నోట్ల దావాలలో సంగతియు నిదియే. ముద్ర ప్రతివాదిదేయని నిపుణుడు తేల్చును. ఆ మాట సత్యమే కావచ్చును. కాని కాపు ముద్ర వేసిన దినమున నా కాగితముపై అంకెలుండెనా, లేక ఖాళీ కాగితముపై వేయించుకొని పిమ్మట పూరించిరా? ఈ ప్రశ్నకు వేలిగీతలలో జవాబు లేదు. 1881 నాటి చట్టము 118వ సెక్షను ప్రకారము, నోటు వ్రాసియిచ్చినట్లు రుజువైనచో ప్రతిఫలము ముట్టినట్లే కోర్టు భావించును. కాదని చూపు భారము ప్రతివాదిది. కావున నిపుణుని జవాబు మాత్రమే కాదు, అతని నడిగిన ప్రశ్న యేమో గూడ చూడవలెను.

సిరా వయస్సు ప్రశ్నయు నట్టిదే. నోటుమీద దావాకు మూడేండ్ల గడువు గనుక తేదీలు దిద్దుట కలదు. సిరా యెన్నేండ్లదో తేల్చుడని పలువురు కోర్టును కోరుచుందురు. సిరా వయస్సు తెలిసినను సంతకము వయస్సు తెలియదని మన హైకోర్టు 2013లో సెలవిచ్చినది. ఏనాడో తయారైన సిరాతో నిన్న వ్రాయవచ్చును గదా! సామాన్యుడు సైతము గ్రహింపగల తర్కమిది. శాస్త్రమను పేరు వినినంతనే బెదరక, ఇట్లు తర్కించుటయే న్యాయాధికారి పని.

ఇప్పుడీ విచారణ మరింత యవసరమైనది. క్రొత్త నాగరిక సురక్షా సంహిత 176వ సెక్షను, ఏడేండ్లు లేక యంతకు మించిన శిక్షగల నేరములలో శాస్త్రనిపుణులు నేరస్థలమునకు పోవలెనని విధించినది. దీనిని అమలుచేయుటకు రాష్ట్రములకు 5 ఏండ్ల గడువిచ్చినది. మేము దీనిని స్వాగతించుచున్నాము. లాఠీదెబ్బలతో రాబట్టిన ఒప్పుకోలుకంటె ప్రయోగశాల పరీక్ష వేయిరెట్లు మేలు. కాని అదే సంహిత 329వ సెక్షను చూడుడు. సర్కారు నిపుణుడు కోర్టుకు రాకయే అతని నివేదికను సాక్ష్యముగ వాడవచ్చును. కోర్టు తనకు తోచినయెడల పిలిపింపవచ్చును. కాగితము నెవరు ఎదురు ప్రశ్నలు వేయగలరు? ఆస్తిపరుడు పట్టణమునుండి తనకొక నిపుణుని తెచ్చుకొనును. కూలివాడేమి చేయును?

నిపుణుడు దూరము, పనులు మెండు అను సాకు చెల్లదు. సాక్షులను దృశ్యమాధ్యమమున విచారించుటకు అదే సంహిత 530వ సెక్షనులో వీలు కల్పించినది. వ్యయమందురా? 1987 నాటి న్యాయసేవల చట్టములో న్యాయసేవ యన వకీలు నిచ్చుట మాత్రమే కాదు, కేసు నడుపుటలో నేసేవయైనను అందు చేరును. పేదవాని పక్షమున నిపుణుని నియమించుటయు నా సేవలోనిదే యని మా వాదము. నివేదికలో నిర్ణయముతోబాటు దాని కారణములును, పోల్చిన నమూనాలును ఉండవలెను. కారణములు లేని నివేదికను కోర్టువారు త్రిప్పి పంపవలెను. దాని సారాంశము తెలుగున నుండవలెను. తెలుగు అధికారభాషయని 1966లోనే చట్టము చేసికొంటిమి. తన నేల పోవుటకు కారణమేమో తన భాషలో చదువుకొను హక్కు కాపునకు లేదా?

నందికొట్కూరు న్యాయవాదులకు మా మనవి యొకటి కలదు. ఈసారి కక్షిదారునకు ప్రతికూలమైన నివేదిక కోర్టునకు వచ్చినపుడు ఆక్షేపణ యని యొక్క పంక్తి వ్రాసి ఊరకుండక, నిపుణుని పిలిపింపుమని వెంటనే అర్జీ పెట్టుడు. అర్జీని కొట్టివేసినయెడల కారణములతో కొట్టివేయుమని కోరుడు.