తిన్నడు అడగని అర్హత

భక్తి సాహిత్యమంతా మత్తుమందేననీ, దాన్ని అవతల పారేస్తే తప్ప అభ్యుదయం లేదనీ మన మిత్రులు కొందరు వాదిస్తున్నారు. వాదం సులువుగానే ఉంది. కాని చరిత్రకు అతకదు. దేవుడి ప్రేమను నమ్ముకోవడం వేరు, మతం విధించిన నియమాలకు తలవంచడం వేరు. ఈ రెండూ కలియబడిన సందర్భాలు మన సాహిత్యంలోనే ఉన్నాయి.

తిన్నడి కథ తీసుకోండి. 12వ శతాబ్దంలో తమిళాన సేక్కిళార్ పెరియ పురాణంలో చెప్పాడు. తెలుగులో పాల్కురికి సోమనాథుడు బసవపురాణంలో చెప్పాడు. 16వ శతాబ్దంలో ధూర్జటి మళ్ళీ చెప్పాడు. తిన్నడు వేటగాడు. మంత్రం రాదు, మడి తెలియదు. పుక్కిట నీళ్ళు తెచ్చి అభిషేకం చేశాడు. రుచి చూసిన మాంసాన్ని నైవేద్యం పెట్టాడు. లింగం కంట నెత్తురు కారితే తన కన్ను పెకలించి అతికించాడు. రెండో కన్నూ ఇవ్వబోతూ, చోటు తప్పకుండా దేవుడి ముఖం మీద కాలు ఆనించాడు! శాస్త్రం లెక్కన ఇందులో ప్రతి పనీ అపచారమే. అయినా శివుడు తిన్నణ్ణి తరిమెయ్యమని అర్చకుడితో అనలేదు. చాటున నిలబడి చూడమన్నాడు. పాఠం నేర్చుకోవలసివచ్చింది అర్చకుడు, వేటగాడు కాదు.

మరి సంప్రదాయం ఏం చేసింది? తిన్నడు పూర్వజన్మలో అర్జునుడని చెప్పింది! అంటే ఈ జన్మలో చూపిన ప్రేమ చాలదన్నమాట. వెనక ఒక క్షత్రియుడి తపస్సు ఉండాలన్నమాట. దేవుడు అడగని అర్హతను వ్యాఖ్యానం ఇలా దొడ్డిదారిన తెచ్చిపెట్టింది.

వైష్ణవుల సంగతీ ఇంతే. భగవంతుడి కృపకు కారణం అక్కర్లేదు, పిల్లి తన కూనను నోట కరచుకొని పోయినట్లు ఆయనే మోసుకుపోతాడని తెంకలైవారు అన్నారు. కోతిపిల్ల తల్లిని పట్టుకున్నట్లు భక్తుడి వైపు నుంచీ కొంత ప్రయత్నం ఉండాలని వడకలైవారు అన్నారు. పిల్లి సిద్ధాంతంలో ఎంత ధైర్యం ఉందో చూడండి. పుణ్యాల చిట్టా రాసే గుమాస్తాకు అందులో పనే లేదు. కాని ఆ రెండు తెగలవారే నుదుట నామం ఏ ఆకారంలో ఉండాలన్న తగాదాతో కోర్టుల మెట్లెక్కారు. కృపకు షరతు లేదు గాని నామానికి ఉంది!

అయితే ప్రేమనే నమ్ముకుంటే సరిపోతుందా? సరిపోదు. కాళహస్తిలో కన్నప్ప పేర కొండ ఉంది, కొండమీద గుడి ఉంది. ఆ కొండ ఉన్న నాటి మద్రాసు రాష్ట్రంలోనే, అస్పృశ్యులన్న ముద్ర మోసిన జనం గుడి గడప దాటడానికి 1947లో ఆలయ ప్రవేశ చట్టం చెయ్యవలసివచ్చింది. శతాబ్దాల తరబడి పురాణంలో దేవుడు వేటగాడి ఎంగిలి తింటూనే ఉన్నాడు. గుడి తలుపులు మాత్రం మూసే ఉన్నాయి. వాటిని తెరిపించింది ఆందోళనా, చట్టమూ. దేవుడి ప్రేమ అన్నీ చూసుకుంటుందని కూర్చున్న కూలివాడికి కూలి పెరగదు.

ఇంతమాత్రాన తిన్నణ్ణి మనం వదులుకోవాలా? మతాన్ని మత్తుమందన్న మార్క్సు, 1844లో అచ్చయిన ఆ వ్యాసంలోనే, దాన్ని నిజమైన బాధకు వ్యక్తీకరణగానూ ఆ బాధపై నిరసనగానూ గుర్తించాడు. మన మిత్రులు నిరసనను వదిలేసి మత్తును కంఠస్థం చేశారు. దీనివల్ల లాభపడేది ఎవరు? తిన్నణ్ణి మనం పారేస్తే ఏరుకొని, అర్జునుడి కిరీటం పెట్టి, అదే గుడి గుమ్మంలో కాపలా నిలబెట్టడానికి సిద్ధంగా ఉన్నవాళ్ళే.

కనుక అధ్యాపకులకూ విద్యార్థులకూ నేను చెప్పేది ఒక్కటే. ఆ కథను తరగతిలో చదవండి. దేవుడున్నాడా లేడా అన్న చర్చ తరవాత పెట్టుకోవచ్చు. ముందు ఈ ప్రశ్న వెయ్యండి: కథలో దేవుడే అడగని అర్హతను గుమ్మం దగ్గర నిలబడి అడిగిందెవరు? ఏ అధికారంతో, ఎవరి లాభం కోసం అడిగారు?