వసీయత్‌లో కుక్కకూ చోటివ్వండి

మన ఇళ్లలో వసీయత్ అంటే జమీన్, జేవర్, మకాన్. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం పల్లెల్లో చేనూ మందా కాసే కుక్కను అందులో తలిచేదెవరు? మాలిక్ ఇంతెఖాల్ అయితే అది వీధిపాలే. కాపలా కుక్కను సాకడం షరియత్‌లో జాయజ్. దప్పికగొన్న కుక్కకు నీళ్లు తాపితే మగ్‌ఫిరత్ దొరికిందని హదీసు. మరి మన చేను కాసిన జీవి మనకు అమానత్ కాదా?

కుక్క పేర ఆస్తి రాస్తే కానూన్ ఒప్పదు. దాన్ని సాకే మనిషికి రాయొచ్చు. కఫన్-దఫన్ ఖర్చు, ఖర్జ్ పోగా మిగిలినదాంట్లో మూడోవంతు దాకా వారిస్ కానివారికి వసీయత్ చెల్లుతుంది. కొడుక్కే ఇవ్వాలంటే మిగతా వారిసుల రజామందీ కావాలి.

2024లో పోయిన రతన్ టాటా తన టిటోను వంటమనిషికి అప్పగించి వెళ్లారు. మనకు కోట్లక్కర్లేదు. సాకేదెవరో బతికుండగానే అడిగి, ఇద్దరు గవాహ్‌ల ముందు ఖరారు చేయండి.