దీవికి పోదామా? బోరు వేద్దామా?

నందిగామ నుంచి ఒక తమ్ముడు ఉత్తరం రాశాడు. పేరు వేయొద్దన్నాడు, వేయను. గుట్టు మాత్రం బయటపెట్టేస్తాను, ఏమనుకోకు నాయనా!

"బాబాయ్ గారూ! మూడేళ్ళు ఉద్యోగం చేసి నాలుగు లక్షలు కూడబెట్టాను. కరీబియన్ దీవుల్లో ఒకటైనా చూసి రావాలని నా కోరిక. ఆ డబ్బుతో చేలో బోరు వేయించమని అమ్మ పోరు. నన్నేం చేయమంటారు?"

చూశారా, ఎంత చిక్కు ప్రశ్నో! కథానాయిక ఎవరికి దక్కుతుందని అడిగితే ఠక్కున చెప్పేవాణ్ణి. ఇది అలాంటిది కాదు. పైగా నేనూ ఒకప్పుడు ఈ తప్పు చేసినవాణ్ణే. తప్పో ఒప్పో చివర్లో మీరే తేల్చండి.

మాది జగ్గయ్యపేట. ఇప్పుడంటే ఎన్టీఆర్ జిల్లా గానీ, 2022 దాకా మేమంతా కృష్ణా జిల్లా మెట్టవాళ్ళమే. కాలేజీ రోజుల్లో నలుగురం బస్సెక్కి బెజవాడ పోయి మార్నింగ్ షోలో 'లివ్ అండ్ లెట్ డై' చూశాం. 1973 నాటి జేమ్స్‌బాండ్ చిత్రం. నీలి సముద్రం, కొబ్బరిచెట్లు, మొసళ్ళ వీపుల మీద కాళ్ళు పెట్టి దాటిపోయే హీరో! చేతిలో చిల్లర బస్సుకి సరిపోయింది, మనసు మాత్రం ఆ దీవిలోనే ఉండిపోయింది. అసలు సంగతేమిటంటే, ఆ సినిమాలో చెప్పిన 'శాన్ మోనిక్' అనే దీవి ప్రపంచంలోనే లేదు! తీసింది జమైకాలో. 2003లో వచ్చిన 'పైరేట్స్ ఆఫ్ ది కరీబియన్' మొదటి భాగంలో రేవు కోసం సెయింట్ విన్సెంట్ దీవిలో సెట్టు వేశారు. సినిమావాళ్ళకి దీవి అంటే సెట్టింగే. అక్కడి మనుషులు ఫ్రేములోకి అడ్డం రాకుండా చూసుకుంటారు.

సరే, నా కథకొద్దాం. 2007లో వెస్టిండీస్‌లో ప్రపంచ కప్ క్రికెట్టు. మన జట్టు ఆటలు ట్రినిడాడ్ రాజధాని పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లో. 1971లో గవాస్కర్ తొలి టెస్టు ఆడినదీ, మనం వెస్టిండీస్‌ని మొదటిసారి ఓడించిందీ ఆ మైదానంలోనే. పీఎఫ్‌లో అప్పు తీసి, ఆఫీసు పని మీద ఢిల్లీ పోతున్నానని ఇంట్లో చెప్పి, లండన్‌లో విమానం మారి దీవిలో దిగాను!

మార్చి 17న బంగ్లాదేశ్ మన జట్టుని 191కి పడగొట్టి గెలిచింది. 19న బెర్ముడా మీద మనవాళ్ళు 413 కొడితే గంతులేశాను. 23న శ్రీలంక చేతిలో మళ్ళీ ఓటమి. అంతే, జట్టు ఇంటిదారి పట్టింది. నా తిరుగు టిక్కెట్టేమో ఏప్రిల్ మొదటి వారానికి! హోటల్ గదిలో కూర్చుని లెక్క వేసుకున్నాను... ఇంట్లో అబద్ధం, నెత్తిన అప్పు, చేతిలో పనికిరాని పది రోజులు.

ఆ పది రోజులే నాకు మిగిలినవి, సుమా!

వేడి వేడి 'డబుల్స్' అంటే రెండు మెత్తటి పూరీల్లాంటి వాటి మధ్య సెనగల కూర. అది తింటూ వాటర్‌లూ అనే ఊరు పోయాను. అక్కడ సముద్రంలో ఒక గుడి ఉంది. శివదాస్ సాధు అనే చెరకుతోట కూలీ 1947లో ఒడ్డున గుడి కట్టుకున్నాడు. ఆ నేల చెరకు కంపెనీదట. గుడి కూలగొట్టి, ఆయన్ని జైల్లో పెట్టారు. నేల మీకుంటే సముద్రం నాకుంది అనుకున్నాడేమో, సైకిలు మీద రాళ్ళూ సిమెంటూ మోసి, పాతికేళ్ళపాటు నీళ్ళలో పోసి మళ్ళీ గుడి కట్టాడు. నేను సిమెంటు ఫ్యాక్టరీల ఊరివాణ్ణి. సిమెంటు బస్తా చూసి కళ్ళు చెమర్చడం అదే మొదటిసారి.

గుడి మెట్ల మీద ఒక పెద్దాయన పలకరించాడు. మా ముత్తవ్వ మద్రాసు ఓడలో వచ్చిందట, మీది అటువైపేనా అన్నాడు. అవునన్నాను. "మా ఊరు మీకు తెలుసా?" అన్నాడు. ఏ ఊరని అడిగితే, "అదే తెలియదు" అని నవ్వాడు. 1845 నుంచి 1917 దాకా లక్షా నలభై వేల మందికి పైగా మనదేశం నుంచి ఆ దీవికి కూలీలుగా వెళ్ళారు. ఎక్కువమంది కలకత్తా ఓడల్లో పోయారు. మద్రాసు ఓడలెక్కినవాళ్ళలో అరవంవాళ్ళతోపాటు తెలుగువాళ్ళూ ఉన్నారు. ఆ ముత్తవ్వది ఏ భాషో ఆయనకీ తెలియదు, నాకూ తెలియదు. కానీ ఆయన పాత హిందీ సినిమా పాట ఒకటి తప్పు లేకుండా పాడాడు. అర్థం తెలుసా అంటే అడ్డంగా తల ఊపాడు!

మరి చెడ్డ సంగతులో? అవీ ఉన్నాయి, దాచను. మన దగ్గర్నుంచి నేరుగా విమానం లేదు. ట్రినిడాడ్, జమైకా, బార్బడోస్ లాంటి దీవులు మన పాస్‌పోర్టుకి ముందస్తు వీసా అడగవు గానీ, అమెరికా మీదుగా పోతే విమానం మారడానికే వీసా కావాలి. టిక్కెట్టు కొనేముందే కనుక్కో. ట్రినిడాడ్ పోతే ఎల్లో ఫీవర్ టీకా కాగితం ఉండాలి, లేకపోతే తిరిగొచ్చాక మన విమానాశ్రయంలోనే ఆపి విడిగా ఉంచుతారు. జూన్ నుంచి నవంబరు దాకా తుఫానుల కాలం. 2024లో బార్బడోస్‌లో టీ20 కప్పు గెలిచిన మన జట్టే తుఫాను వల్ల రోజుల తరబడి హోటల్లో చిక్కుకుపోయింది! నేరాలూ ఎక్కువే. 2024 డిసెంబరు ఆఖర్న ట్రినిడాడ్‌లో అత్యవసర పరిస్థితి ప్రకటించారు. చీకటి పడ్డాక ఒంటరిగా షికార్లు కుదరవు.

ఇక క్లైమాక్సు. ఇంటికొచ్చేసరికి నా పాస్‌పోర్టు సంగతి నాన్నకి తెలిసిపోయింది. తిడతారనుకున్నాను. అరుగు మీద కూర్చుని ఒకే ప్రశ్న వేశారు.

"ఏరా, అక్కడ ఏం పండిస్తారు?"

మన జట్టు గెలుస్తూ పోయుంటే ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబుండేది కాదు. చెరకు నాన్నా అన్నాను. 2003లో ప్రభుత్వ చెరకు కంపెనీ మూసేశారనీ, పొలాలు బీడుపడ్డాయనీ చెప్పాను. సముద్రంలో గుడి కట్టినాయన గురించి, ఊరి పేరు మర్చిపోయిన పెద్దాయన గురించి చెప్పాను. అంతా విని, "చెప్పి పోతే నేనేమన్నా కాదనేవాణ్ణా?" అన్నారు. అప్పు మూడేళ్ళలో తీరింది. ఆ మాట ఇంకా తీరలేదు. నాన్న ఇప్పుడు లేరు.

కాబట్టి నందిగామ తమ్ముడూ! నాలుగు రోజులు కొబ్బరిచెట్టు కింద ఫోటోలు దిగడానికైతే మానేయ్. ఆ సముద్రం మన భీమిలిలోనూ ఉంది. మనుషుల్ని చూడాలనుంటే రెండు వారాలు తీరిక చేసుకుని, తుఫానుల కాలం దాటాక పో. మెట్ట చేలో బోరు కూడా జూదమేనని మీ అమ్మగారికీ తెలుసు. నీళ్ళు పడొచ్చు, దుమ్మే రావొచ్చు. కానీ ఆ జూదం ఆవిడ నీకు చెప్పి ఆడుతోంది. నువ్వు పోయినా సరే, ఆగినా సరే, ఆవిడకి చెప్పి చెయ్యి. వచ్చాక అక్కడ ఏం పండిస్తారో కూడా చెప్పు.

ఏమంటారు పాఠకులారా, బోరా, దీవా? మీ తీర్పు కార్డు ముక్క మీద రాసి పంపండి. పై వారం కలుద్దాం!