తోడేలు చర్మం తొడిగినదెవరు?

చరిత్రను నేపథ్యంగా తీసుకొని వ్రాసిన భయానక నవలలంటే నాకు మొదటినుంచీ మక్కువే. కాని తోడేలుమనిషి కథల దగ్గరకు వచ్చేసరికి ఒక అభ్యంతరం నన్ను విడిచిపెట్టదు. (మనకు ఆ మాటే కొత్త. వృకోదరుడున్నాడు గాని, పాపం ఆయనకు ఆకలి మాత్రమే తోడేలుది.) నవలాకారుడు పదహారవ శతాబ్దపు వీథులనూ, దుస్తులనూ, తిండినీ ఎంతో శ్రద్ధగా చిత్రిస్తాడు, చివరకు ఆనాటి న్యాయాధికారులు తేల్చిందే నిజమంటాడు. అతడు నిజంగానే తోడేలయ్యాడట! పాత్ర పూర్తిగా కల్పితమైతే నాకు పేచీ లేదు. దాని వెనుక చిత్రహింసల పాలై చనిపోయిన మనిషి ఒకడుంటే మాత్రం ఊరుకోలేను.

పీటర్ స్టుంప్ సంగతే చూడండి. జర్మనీలో కొలోన్ నగరానికి సమీపాన ఉన్న బెడ్‌బుర్గ్‌లో 1589 అక్టోబరు 31న ఇతనిని చక్రానికి కట్టి, ఎర్రగా కాల్చిన పట్టకార్లతో మాంసం పెరికి, కాళ్ళూ చేతులూ విరిచి, తల నరికారు. కూతురినీ, ఇతనితో సహజీవనం చేసిన స్త్రీనీ కూడా వదలలేదు. మరుసటి ఏడు లండన్‌లో వెలువడిన ఒక చిన్న పుస్తకం మనకు ముఖ్యమైన ఆధారం. సైతాను ఇచ్చిన నడికట్టు ధరించి ఇరవై అయిదేళ్ళపాటు తోడేలుగా తిరిగాననీ, పదముగ్గురు పిల్లలను చంపాననీ అతడు ఒప్పుకొన్నాడని అందులో ఉంది. ఒప్పుకొన్నది ఎప్పుడు? హింసాయంత్రాన్ని ఎదుట నిలిపిన తరువాత. ఆ నడికట్టును ఫలానా లోయలో పారవేశానంటే అధికారులు వెళ్ళి వెదికారు. దొరకలేదు. అప్పుడు వారికి అనుమానం రావలసింది ఆ వాఙ్మూలం మీద. కాని సైతాను దానిని తిరిగి తీసుకొనిపోయి ఉంటాడని సరిపెట్టుకొన్నారు! ఇంతటి భయానక దృశ్యాన్ని ఏ నవలాకారుడూ కల్పించలేడని నా అభిప్రాయం. అక్కడ తోడేలు లేదు, పున్నమి లేదు. సాక్ష్యం లేకపోవడమే సాక్ష్యమైన ఒక గది ఉంది. 1583 నుండి 1588 వరకు ఆ ప్రాంతాన్ని కొలోన్ యుద్ధం తొక్కివేసిందన్న సంగతి కూడా కలుపుకొంటే, ఆ ప్రజలకు ఒక మృగం ఎందుకు అవసరమైందో ఊహించవచ్చు. మన కథకులకు కావలసింది మాత్రం ఆ నడికట్టే.

పున్నమి అన్నాను గనుక ఒక మాట. వెన్నెలలో తోడేలుగా మారిన సైనికుని కథ క్రీస్తుశకం మొదటి శతాబ్దంలోనే రోమను రచయిత పెట్రోనియస్ వ్రాశాడు. అయినా ప్రతి పున్నమికీ తప్పనిసరిగా మారడమనే నియమం బాగా స్థిరపడింది 1940ల హాలీవుడ్ చిత్రాలతోనే. నేనెరిగిన పాత అభియోగాలలో నడికట్టో, లేపనమో, తోలో ఉంటాయి. 1846-47లో రెనాల్డ్స్ వ్రాసిన ‘వాగ్నర్’ నవలలో సైతం నాయకుడు మారేది నెలాఖరు రోజున. (నెలాఖరున మనిషి స్వభావం మారడం మన ఉద్యోగస్థులకు వింత కాకపోవచ్చు.) ఒకప్పుడు మన దేశంలో రెనాల్డ్స్‌ను విరగబడి చదివేవారు. అందుచేత పదహారవ శతాబ్దపు కథలో వెండి తూటా పేలిందంటే ఆ రచయిత చూసింది చరిత్రను కాదు, సినిమాను. ఫ్రాన్సులో 1764-67 మధ్య జెవొదాన్ ప్రాంతాన్ని వణికించిన మృగాన్ని జాఁ శాస్తెల్ వెండి తూటాతో చంపాడన్నది కూడా ఇరవయ్యవ శతాబ్దపు రచయితలు తగిలించిన అలంకారమే.

గై ఎండోర్ 1933లో ప్రచురించిన ‘ది వేర్‌వుల్ఫ్ ఆఫ్ పారిస్’ మీద నాకు గౌరవం ఎక్కువ. కథాకాలం 1870-71, పారిస్ కమ్యూన్ రోజులు. ఒక రోగి, ఒక హంతకుడు, తోడేలనిపించే బెర్ట్రాండ్ ఒక ప్రక్క. నాగరికులైన సైనికులు వేలమందిని గోడకు నిలబెట్టి కాల్చడం మరొక ప్రక్క. ఒక మనిషి చేసిన చావులను ఒక వారం చేసిన చావుల ప్రక్కన పెట్టి, రచయిత మనల్ని లెక్క చూసుకోమంటాడు. ఇంత చేసిన ఆయన కూడా చివరి పుటలో సమాధి త్రవ్వించి, అందులో కుక్క కళేబరం లాంటిదానిని చూపించాడు. అదొక్కటి లేకపోతే ఎంత బాగుండేదో!

కథను కథగా చదువుకోక ఈ రాద్ధాంతమెందుకని మీరు అడగవచ్చు. చేతబడి చేశారన్న అనుమానంతో మనుషులను కొట్టి చంపిన వార్తలు మన తెలుగునాట ఈ శతాబ్దంలోనూ చదివాము. ‘తులసిదళం’ మీద రంగనాయకమ్మ చేసిన విమర్శ, దాని చుట్టూ రేగిన వాదం మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఆమెతో నేను పూర్తిగా ఏకీభవించను. భయానక సాహిత్యమే వద్దనేటంత కోపం నాకు లేదు. నమ్మకాన్ని చిత్రించడం వేరు, ఆ నమ్మకం ఇచ్చిన తీర్పు మీద రచయిత సంతకం చేయడం వేరు.

ఆనాటివారందరూ మూఢులనుకోవడమూ పొరపాటే. 1603లో జాఁ గ్రెనియే అనే పద్నాలుగేళ్ళ కుర్రవాడు తాను తోడేలునని చెప్పుకొంటే, బోర్డో న్యాయస్థానం అది మతిభ్రమ అని భావించి, కాల్చకుండా యావజ్జీవం మఠంలో ఉంచమన్నది.

నవల వ్రాయదలచినవారికి నేను చూపించే మనిషి వేరే ఉన్నాడు. నేటి లాట్వియాలో భాగమైన లివోనియాలో 1691లో థీస్ అనే ఎనభై దాటిన రైతు న్యాయస్థానంలో నిలబడి, తాను తోడేలునేనని ఒప్పుకొన్నాడు. అయితే తాము దేవుని వేటకుక్కలమనీ, మాంత్రికులు దొంగిలించిన పంటను నరకం నుంచి తిరిగి తెచ్చేది తామేననీ అన్నాడు. సైతానుతో ఒడంబడిక చేసుకొన్నానని ఒప్పించాలని న్యాయాధికారులు ఎంతో ప్రయత్నించారు, మతగురువును పిలిపించి నచ్చజెప్పించారు. ముసలివాడు ఒప్పుకోలేదు. కొరడా దెబ్బల శిక్ష పడింది.